స్టాట్: సీ ప్రోగ్రామింగ్‌లో ఫైలు స్థితి సమాచారం

స్టాట్ అనేది యూనిక్స్ వంశపు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒక ఫైలు గురించిన వివరాలను కెర్నల్ దగ్గర్నుంచి తెచ్చే సిస్టమ్ కాల్. సీ ప్రోగ్రామర్‌కు ఇది అదే పేరుగల ఫంక్షన్‌గా అందుతుంది. ఫైల్లో ఏం రాసి ఉందో దీనికి పట్టదు. ఆ ఫైలు ఏ రకం, ఎన్ని బైట్లు, ఎవరిది, ఎవరికి ఏ అనుమతి ఉంది, చివరిసారి ఎప్పుడు మారింది అన్నవే చెబుతుంది. ఫైలును తెరవకుండానే చెబుతుంది కాబట్టి, చదివే అనుమతి లేని ఫైలు గురించి కూడా అడగవచ్చు. దారిలోని డైరెక్టరీల గుండా వెళ్ళే అనుమతి ఉంటే చాలు.

ఎల్ఎస్, ఫైండ్, డీయూ, టార్, మేక్, గిట్ వంటి పనిముట్లన్నీ దీనిమీద ఆధారపడ్డవే. తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల్లో లినక్స్ ల్యాబ్ చేసినవాళ్ళు చాలామంది, ఎల్ఎస్‌ను పోలిన ప్రోగ్రామ్ రాసే అభ్యాసంలోనే దీన్ని మొదటిసారి చూసి ఉంటారు. పిలవడం రెండు మూడు పంక్తుల పని. తప్పులు ఎక్కువగా జవాబును అర్థం చేసుకునే దగ్గర జరుగుతాయి. ఫైలు వివరాలు దాచి ఉంచే ఐనోడ్ వేరు, పేరు వేరు అన్నది మరిచిపోవడం ఒక కారణం. స్టాట్ జవాబు అడిగిన క్షణానికి మాత్రమే చెల్లుతుందన్నది మరిచిపోవడం ఇంకొకటి.

పుట్టుక

1971 నవంబరు 3 తేదీ వేసిన యూనిక్స్ మొదటి ఎడిషన్ మాన్యువల్‌లోనే స్టాట్, తెరిచి ఉన్న ఫైలు వివరాలు ఇచ్చే ఎఫ్‌స్టాట్ రెండూ ఉన్నాయి. అప్పటికి సీ భాష ఇంకా పూర్తి రూపానికి రాలేదు. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్‌ను పీడీపీ-11 యంత్రం మీద అసెంబ్లీ భాషలో నడిపిస్తున్న రోజులవి. ఆనాటి స్టాట్ 34 బైట్ల బఫర్‌ను నింపి ఇచ్చేది. ఐనోడ్ సంఖ్య, ఫ్లాగులు, లింకుల లెక్క, యజమాని సంఖ్య, సైజు, డిస్కు మీద ఎనిమిది బ్లాకుల చిరునామాలు, ఫైలు పుట్టిన సమయం, మారిన సమయం అందులో ఉండేవి. చివరి రెండు బైట్లు ఖాళీ. డిస్కు బ్లాకుల చిరునామాలను మామూలు ప్రోగ్రామ్‌కు అలా చేతిలో పెట్టడం ఇవాళ వింతగా అనిపిస్తుంది గానీ, అప్పటి యూనిక్స్ ఒక గదిలోని కొద్దిమంది సొంత పనిముట్టు.

కాలం లెక్క కూడా వేరుగా ఉండేది. 1971 జనవరి 1 నుంచి గడిచిన కాలాన్ని సెకనులో అరవయ్యో వంతుల్లో కొలిచేవారు. 32 బిట్లలో ఆ లెక్క రెండేళ్ళ మూడు నెలలకు నిండిపోతుంది. తర్వాతి ఎడిషన్లలో సెకన్ల లెక్కకు, 1970 జనవరి 1 అనే ఆరంభానికి మారారు. 1973లో కెర్నల్‌ను సీలో తిరగరాశారు; ఆ తర్వాత బఫర్ కాస్తా స్ట్రక్చర్ అయింది. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ ఇంకో ఫైలును చూపే సింబాలిక్ లింకులతో పాటు, లింక్ వివరాలనే ఇచ్చే ఎల్‌స్టాట్‌ను తెచ్చింది. 1988 నాటి మొదటి పోజిక్స్ ప్రమాణం స్ట్రక్చర్‌లో కచ్చితంగా ఉండాల్సిన ఫీల్డులను ఖాయం చేసింది. మొదటి నాటి గుర్తు ఒకటి ఇంకా మిగిలే ఉంది: తొలి యూనిక్స్‌లో స్టాట్ సిస్టమ్ కాల్ సంఖ్య 18, ఎఫ్‌స్టాట్‌ది 28. 32 బిట్ల ఇంటెల్ లినక్స్ పట్టికలో ఆ రెండు స్థానాల్లో వాటి పాత రూపాలే కూర్చుని ఉన్నాయి.

సీ భాష అంతర్జాతీయ ప్రమాణంలో మాత్రం స్టాట్ లేదు. ఆ ప్రమాణానికి డైరెక్టరీ, యజమాని, అనుమతి అన్న మాటలే తెలియవు. ఫైలును తెరవడం, మూయడం, పేరు మార్చడం, తొలగించడం తెలుసు, అంతే. సైజు తెలుసుకోవాలంటే చివరికి జరిగి అక్కడి స్థానం ఎంతో అడిగే పద్ధతిని పాఠ్యపుస్తకాలు నేర్పుతాయి. బైనరీ ఫైళ్ళ విషయంలో అది అన్ని యంత్రాల్లో పనిచేస్తుందన్న హామీ ఆ ప్రమాణం ఇవ్వదు. స్టాట్ ఉన్నచోట ఆ తంటా ఎందుకో నాకు అర్థం కాదు.

స్ట్రక్చర్, అందులోని ఫీల్డులు

ఫంక్షన్‌కు రెండు ఆర్గ్యుమెంట్లు: ఫైలు పాత్, వివరాలు నింపాల్సిన స్ట్రక్చర్ చిరునామా. పని జరిగితే 0, జరగకపోతే -1 తిరిగొస్తుంది. కారణం ఎర్‌నో అనే చరరాశిలో ఉంటుంది. కొత్తవాళ్ళు మాన్యువల్‌లో పాయింటర్ గుర్తు చూసి, స్ట్రక్చర్‌కు బదులు వట్టి పాయింటర్ ప్రకటించి దాన్నే పంపిస్తారు. ఆ పాయింటర్ ఎక్కడికి చూపిస్తుందో ఎవరికీ తెలియదు కనుక కాల్ విఫలమవుతుంది, లేదా పక్కనున్న మెమొరీ పాడవుతుంది. స్ట్రక్చర్‌నే ప్రకటించి దాని చిరునామా ఇవ్వాలి.

ఫీల్డుల పేర్లన్నీ ఎస్, టీ అక్షరాలతోనూ ఒక అండర్‌స్కోర్‌తోనూ మొదలవుతాయి. తొలినాళ్ళ సీ కంపైలర్లు అన్ని స్ట్రక్చర్ల ఫీల్డుల పేర్లనూ ఒకే సంచిలో వేసేవి కాబట్టి, ఒకదానితో ఒకటి కలవకుండా ముందు ఇలాంటి గుర్తు తగిలించేవారు. ఇక్కడ ఆ భాగం వదిలేసి మోడ్, సైజ్ అని రాస్తున్నాం.

మోడ్ ఫీల్డు అన్నింటికంటే చిక్కనిది. ఇందులో 16 బిట్లు ముఖ్యం. పై నాలుగు బిట్లు ఫైలు రకాన్ని, తర్వాతి మూడు ప్రత్యేక గుర్తులను, చివరి తొమ్మిది యజమానికి, గ్రూపుకు, ఇతరులకు ఉన్న చదివే, రాసే, నడిపే అనుమతులను చెబుతాయి. అష్టాంశ పద్ధతిలో రాస్తే ఇది చక్కగా విడిపోతుంది. 0100644 అంటే మామూలు ఫైలు, యజమాని చదవవచ్చు, రాయవచ్చు, మిగతావాళ్ళు చదవవచ్చు. డైరెక్టరీ అయితే ముందు భాగం 0040000, సింబాలిక్ లింక్ అయితే 0120000, బ్లాక్ డివైస్ 0060000, సాకెట్ 0140000.

చాలా ప్రోగ్రాముల్లో దాక్కునే తప్పు ఒకటి ఇక్కడే ఉంది. ఫైలు రకం అన్నది విడివిడి బిట్ల గుంపు కాదు, నాలుగు బిట్లలో రాసిన ఒక సంఖ్య. అది తెలియక, డైరెక్టరీ విలువతో బిట్‌వైజ్ యాండ్ చేసి సున్నా కాకపోతే డైరెక్టరీయే అనుకునేవాళ్ళున్నారు. బ్లాక్ డివైస్ విలువలోనూ, సాకెట్ విలువలోనూ 0040000 బిట్ ఉంది. ఆ పరీక్షలో హార్డ్ డిస్కు, సాకెట్ రెండూ డైరెక్టరీలుగా తేలతాయి. ముందు 0170000 అనే మాస్క్‌తో రకం భాగాన్ని వేరుచేసి, ఆ తర్వాత సమానమా అని చూడాలి. పోజిక్స్ ఇచ్చిన ఈజ్‌రెగ్, ఈజ్‌డిర్ వంటి మాక్రోలు ఆ పని చేస్తాయి. వాటినే వాడితే గొడవ లేదు.

ప్రత్యేక గుర్తుల్లో 04000 విలువగలది సెట్‌యూఐడీ. నడిపించేవాడు ఎవరైనా, ప్రోగ్రామ్ తన యజమాని హక్కులతో నడవడానికి వీలు కల్పించే ఈ ఏర్పాటుకు రిచీ పేరున 1979లో అమెరికా పేటెంట్ వచ్చింది. 01000 విలువగల స్టికీ బిట్ అందరూ రాయగల టెంప్ డైరెక్టరీ మీద కనిపిస్తుంది. ఒకరి ఫైలును ఇంకొకరు చెరపకుండా అది అడ్డుకుంటుంది.

డెవ్, ఐనో ఫీల్డులు రెండూ కలిస్తే ఒక ఫైలు గుర్తింపు. డెవ్ ఏ ఫైల్ సిస్టమో, ఐనో అందులో ఎన్నో ఐనోడో చెబుతాయి. యూనిక్స్‌లో ఫైలు పేరు ఐనోడ్‌లో ఉండదు, డైరెక్టరీలో ఉంటుంది. అందుకే స్ట్రక్చర్ ఎంత వెతికినా ఫైలు పేరు దొరకదు. బళ్ళో రాయించిన పేరొకటి, ఇంట్లో పిలిచే పేరొకటి ఉన్న మనిషి లాగే ఒక ఐనోడ్‌కు ఎన్ని పేర్లైనా ఉండవచ్చు; వీటిని హార్డ్ లింకులంటారు. ఎన్‌లింక్ ఫీల్డు వాటి లెక్క. రెండు పాత్‌లు ఒకే ఫైలువా అని తేల్చుకోవాలంటే పేర్లను పోల్చకూడదు, డెవ్, ఐనో జంటలను పోల్చాలి. ఫైలును దానిమీదికే కాపీ చేయబోతే సీపీ కమాండ్ నిరాకరించేది ఇలా చూసే. డీయూ కమాండ్ కూడా హార్డ్ లింకులున్న ఫైలు జాగాను రెండుసార్లు లెక్కపెట్టకుండా ఈ జంటను గుర్తుపెట్టుకుంటుంది. లాగ్ ఫైలు పేరు మార్చి అదే పేరుతో కొత్త ఫైలు పెట్టినప్పుడు, టెయిల్ కమాండ్ పేరును వెంబడించే పద్ధతిలో ఆ మార్పును పసిగట్టేదీ ఈ సంఖ్యలు మారడం వల్లే. ఒక జాగ్రత్త: ఫైలు చెరిపేశాక దాని ఐనోడ్ సంఖ్య వేరే కొత్త ఫైలుకు వెళ్ళవచ్చు. నిన్నటి సంఖ్య, ఇవాళ్టి సంఖ్య కలిశాయని అదే ఫైలు అనుకోవడానికి లేదు.

డైరెక్టరీల ఎన్‌లింక్ విలువ సాధారణంగా రెండు, దానికి లోపలి ఉపడైరెక్టరీల సంఖ్య కలిపినంత. ఫైండ్ కమాండ్ ఈ లెక్కతో కొన్ని స్టాట్ కాల్స్‌ను తప్పించుకునేది. బీటీఆర్ఎఫ్ఎస్ వంటి ఫైల్ సిస్టమ్‌లు డైరెక్టరీకి ఎప్పుడూ 1 అనే చెబుతాయి, కాబట్టి దీన్ని అన్నిచోట్లా నమ్మలేం.

యూఐడీ, జీఐడీ యజమాని, గ్రూపు సంఖ్యలు. పేర్లు కావాలంటే వేరే ఫంక్షన్లను అడగాలి. ఆర్‌డెవ్ డివైస్ ఫైళ్ళకు మాత్రమే అర్థమున్నది; లినక్స్‌లో నల్ డివైస్‌కు మేజర్ 1, మైనర్ 3 అని ఇదే చెబుతుంది.

సైజు, జాగా

సైజ్ ఫీల్డు బైట్ల లెక్క. బ్లాక్స్ ఫీల్డు డిస్కు మీద నిజంగా కేటాయించిన జాగా. లినక్స్‌లో 512 బైట్ల ముక్కల్లో. పక్కనే ఉండే బ్లాక్‌సైజ్ ఫీల్డుతో గుణిస్తే జాగా వస్తుందనుకోవడం మామూలు పొరపాటు. అది చదవడానికీ రాయడానికీ అనువైన పరిమాణం ఎంతో సూచించేది, ఎక్కువగా 4096. బ్లాక్స్ లెక్కతో దానికి సంబంధం లేదు.

సైజు, జాగా ఒకటి కాకపోవచ్చు. ఖాళీ ఫైలును ట్రంకేట్‌తో 1 జీబీకి సాగదీస్తే సైజ్ 1,07,37,41,824 అని చూపిస్తుంది, బ్లాక్స్ మాత్రం సున్నాకు దగ్గర్లో ఉంటుంది. నడుమ రాయని భాగాలకు డిస్కు ఖర్చు కాదు, చదివితే సున్నాలు వస్తాయి. డేటాబేసులు, వర్చువల్ మెషీన్ డిస్కులు ఇలాంటి బోలు ఫైళ్ళను బాగా వాడతాయి. ఎల్ఎస్, డీయూ ఒకే ఫైలుకు వేరు వేరు అంకెలు చెప్పడానికి ఇదొక కారణం. ప్రాక్ డైరెక్టరీలోని ఫైళ్ళు ఇంకో తీరు: వాటి సైజ్ 0 అని వస్తుంది, తెరిచి చదివితే పేజీలకు పేజీలు వస్తాయి, ఎందుకంటే వాటిలోని పాఠాన్ని కెర్నల్ చదివే సమయానికి తయారుచేస్తుంది. సైజ్ చూసి అంతే మెమొరీ తీసుకుని చదివే ప్రోగ్రామ్ అక్కడ ఖాళీ చేతులతో వస్తుంది. సైజును అంచనాగా తీసుకుని, ఫైలు ముగిసేదాకా చదవడమే సరైన పద్ధతి.

మూడు కాలాలు

ఏటైమ్ చివరిసారి చదివిన సమయం, ఎంటైమ్ లోపలి పాఠం మారిన సమయం, సీటైమ్ ఐనోడ్ మారిన సమయం. మూడోదాన్ని ఫైలు పుట్టిన సమయంగా చెప్పే తప్పు దశాబ్దాలుగా ఒక నోట్సు నుంచి ఇంకో నోట్సుకు పాకుతూనే ఉంది. అనుమతులు మార్చినా, యజమానిని మార్చినా, కొత్త హార్డ్ లింక్ పెట్టినా, పాఠం మారినా సీటైమ్ మారుతుంది. ఎంటైమ్‌ను టచ్ కమాండ్‌తో ఏ పాత తేదీకైనా జరపవచ్చు. సీటైమ్‌ను అలా జరిపే సిస్టమ్ కాల్ లేదు. బ్యాకప్ ప్రోగ్రాములు, చొరబాట్లను పరిశోధించేవాళ్ళు దానికి విలువ ఇచ్చేది అందుకే.

ఏటైమ్‌ది వేరే కష్టం. చదివిన ప్రతిసారీ ఐనోడ్‌ను డిస్కుకు రాయాల్సి రావడం దండగ ఖర్చు. 2009లో వచ్చిన లినక్స్ 2.6.30 నుంచి రెల్‌ఏటైమ్ అన్న పద్ధతి మామూలు అమరిక అయింది. పాత ఏటైమ్ ఎంటైమ్ కన్నా, సీటైమ్ కన్నా వెనకబడి ఉంటేనో, 24 గంటలు దాటితేనో మాత్రమే దాన్ని కొత్తది చేస్తారు. కాబట్టి ఏటైమ్ చూసి ఈ ఫైలును ఎవరూ చదవలేదని చెప్పడం ప్రమాదం.

పోజిక్స్ 2008 కూర్పు ఈ కాలాలకు నానోసెకన్ల భాగం చేర్చింది. అంకెల్లో తొమ్మిది స్థానాలు ఉన్నంత మాత్రాన కచ్చితత్వం అంత ఉండదు. ఎఫ్ఏటీ ఫైల్ సిస్టమ్ ఎంటైమ్‌ను రెండు సెకన్ల మెట్లలోనే దాస్తుంది, ఈఎక్స్‌టీ3 ఒక సెకను మెట్లలో. 1976లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ బెల్ ల్యాబ్స్‌లో రాసిన మేక్ మొత్తం ఎంటైమ్‌ల పోలిక మీదే నడుస్తుంది: తయారైన ఫైలు కన్నా మూలం కొత్తదైతే మళ్ళీ కంపైల్ చేస్తుంది. ఒకే మెట్టులో రెండు మార్పులు జరిగితే అది గుర్తుపట్టలేదు. గిట్ తన ఇండెక్స్‌లో ప్రతి ఫైలు స్టాట్ వివరాలను దాచుకుని, అవి మారకపోతే ఫైలును చదవకుండానే వదిలేస్తుంది. ఇండెక్స్ రాసిన కాలం, ఫైలు మారిన కాలం ఒకటే అయిన అనుమానపు సందర్భంలో మాత్రం పాఠాన్ని పోల్చి చూస్తుంది.

పేరు నుంచి ఐనోడ్ దాకా

స్టాట్ సింబాలిక్ లింక్‌ను దాటి, అది చూపే ఫైలు వివరాలు ఇస్తుంది. ఎల్‌స్టాట్ లింక్ దగ్గరే ఆగి దాని వివరాలే ఇస్తుంది. అప్పుడు సైజ్ అంటే లింక్‌లో రాసి ఉన్న పాత్ పొడవు. డైరెక్టరీ చెట్టును దిగుతూ వెళ్ళే ప్రోగ్రామ్ స్టాట్ వాడితే, పైడైరెక్టరీని చూపే లింక్ ఒక్కటి చాలు గుండ్రంగా తిరగడానికి. ఎఫ్‌స్టాట్‌కు పాత్ అక్కర్లేదు, తెరిచి ఉన్న ఫైల్ డిస్క్రిప్టర్ ఇస్తే చాలు.

సొంత ఎల్ఎస్ రాసే విద్యార్థి దాదాపు తప్పకుండా తగులుకునే గుంట ఒకటుంది. డైరెక్టరీలోని పేర్లను చదివే రీడ్‌డిర్ ఫంక్షన్ ఇచ్చే పేర్లలో డైరెక్టరీ పాత్ ఉండదు. ఆ పేరునే స్టాట్‌కు ఇస్తే కెర్నల్ ప్రస్తుత డైరెక్టరీలో వెతికి, అలాంటి ఫైలు లేదంటుంది. ప్రస్తుత డైరెక్టరీ మీద ప్రోగ్రామ్ బాగానే నడుస్తుంది, వేరే డైరెక్టరీ పేరు ఇవ్వగానే తప్పుల వర్షం. పాత్‌ను ముందు అతికించడం ఒక దారి. డైరెక్టరీని తెరిచి, దాని డిస్క్రిప్టర్‌తో ఎఫ్‌స్టాట్‌యాట్‌ను పిలవడం మెరుగైన దారి.

కెర్నల్‌కు పేరంటే బైట్ల వరుస మాత్రమే. తెలుగు పేర్లు పెట్టినప్పుడు ఇది తెలిసివస్తుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కు మూడు బైట్లు. లినక్స్‌లో పేరు పరిమితి 255 బైట్లు, అంటే 85 కోడ్ పాయింట్లు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికే ఆరు కోడ్ పాయింట్లు, 18 బైట్లు ఖర్చవుతాయి. కంటికి ఒకేలా కనిపించే రెండు పేర్లు బైట్లలో వేరు కావచ్చు కూడా. "ఫైల్" అన్న మాటలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అనే రెండు ముక్కలుగానూ రాయవచ్చు. లినక్స్ ఫైల్ సిస్టమ్‌లు మామూలుగా ఈ రెండింటినీ ఒకటిగా చూడవు. ఒక రూపంలో దాచిన పేరును ఇంకో రూపంలో అడిగితే ఫైలు లేదనే జవాబు. ఆపిల్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను విడదీసిన రూపంలో దాచేది. కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒక పేరులో ఉండి ఇంకో పేరులో లేకపోయినా ఇదే తంతు.

ఫైలు లేదు అన్న తప్పుకు ఎర్‌నోలో ఈనోఎంట్, దారిలోని డైరెక్టరీ అనుమతి లేకపోతే ఈయాక్సెస్, లింకులు చుట్లు తిరిగితే ఈలూప్ వస్తాయి. -1 రాగానే ఫైలు లేదని తేల్చేసే ప్రోగ్రాములు ఈ తేడాను మింగేస్తాయి.

జవాబు పాతబడటం

స్టాట్‌తో చూసి, బాగుందనుకుని, తర్వాత ఓపెన్ చేసే మధ్య సమయంలో ఇంకో ప్రాసెస్ ఆ పేరును వేరే ఫైలుకు తిప్పేయవచ్చు. సెట్‌యూఐడీ ప్రోగ్రాములపై జరిగిన దాడుల్లో ఇది పేరుమోసిన రకం: టెంప్ డైరెక్టరీలో మామూలు ఫైలును చూపించి, పరీక్ష దాటగానే అక్కడ పాస్‌వర్డ్ ఫైలుకు సింబాలిక్ లింక్ పెట్టడం. మధ్య సమయం ఎంత చిన్నదైనా, దాడి చేసేవాడు తనకు పడేదాకా ప్రయత్నిస్తూనే ఉంటాడు. ముందు ఓపెన్ చేసి, వచ్చిన డిస్క్రిప్టర్ మీద ఎఫ్‌స్టాట్ చేయడం దీనికి మందు. డిస్క్రిప్టర్ ఐనోడ్‌కు కట్టుబడి ఉంటుంది. పేరును ఎవరు ఎటు తిప్పినా అది మారదు. కొత్త ఫైలు సృష్టించేటప్పుడైతే ముందుగా ఉందా లేదా అని స్టాట్‌తో చూడటం కన్నా, ఉంటే విఫలం కమ్మని ఓపెన్‌కే ఫ్లాగులతో చెప్పాలి.

అంకెలు పట్టని కాలం

32 బిట్ల యంత్రాల్లో సైజ్ ఫీల్డు 2 జీబీ దాటిన ఫైళ్ళను చెప్పలేకపోయింది. అలాంటి ఫైలు మీద స్టాట్ ఈఓవర్‌ఫ్లో తప్పు ఇస్తుంది. 1990ల నడుమ కంపెనీలు కూడి చేసుకున్న ఏర్పాటు ప్రకారం ఫైల్ ఆఫ్‌సెట్ బిట్స్ అనే మాక్రోను 64గా పెట్టి కంపైల్ చేస్తే పెద్ద ఫీల్డులు వస్తాయి. కాలం ఫీల్డులకూ ఇదే కథ. 32 బిట్ల సెకన్ల లెక్క 2038 జనవరి 19న, భారత కాలమానంలో ఉదయం 8:44:07 తర్వాత నిండిపోతుంది. లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2021లో వచ్చిన 2.34 కూర్పులో ఆ యంత్రాల్లో 64 బిట్ల కాలం ఎంచుకునే మాక్రోను ఇచ్చింది. సైజును ప్రింట్ చేసేటప్పుడు మామూలు పూర్ణసంఖ్య ఫార్మాట్ వాడితే అంకెలు తప్పుగా వస్తాయి. ఇంట్‌మ్యాక్స్ రకానికి మార్చి ప్రింట్ చేయడం నయం.

విండోస్‌లో మైక్రోసాఫ్ట్ సీ లైబ్రరీ కూడా స్టాట్ ఇస్తుంది గానీ, అక్కడ ఐనో ఫీల్డుకు అర్థం లేదు, సీటైమ్ అంటే నిజంగానే ఫైలు పుట్టిన సమయం. పై నోట్సుల పొరపాటుకు ఇది కొంత దోహదం చేసి ఉండవచ్చు.

స్టాట్ఎక్స్

మొదటి ఎడిషన్‌లో ఉండి తర్వాత మాయమైన పుట్టిన సమయం లినక్స్‌కు 2017 ఏప్రిల్‌లో, 4.11 కెర్నల్‌తో వచ్చింది. డేవిడ్ హోవెల్స్ కృషితో చేరిన స్టాట్ఎక్స్ దానికి దారి. ఫ్రీబీఎస్‌డీ, మాక్ఓఎస్‌లు స్టాట్ స్ట్రక్చర్‌లోనే బర్త్‌టైమ్ ఫీల్డును ముందే పెట్టుకున్నాయి. జీలిబ్‌సీ 2018లో 2.28తో స్టాట్ఎక్స్ ఫంక్షన్ ఇచ్చింది. 2019 నాటి కోర్‌యుటిల్స్ 8.31 నుంచి స్టాట్ కమాండ్ లినక్స్‌లో పుట్టిన సమయాన్ని చూపుతోంది. కాలాలన్నీ స్టాట్ఎక్స్‌లో 64 బిట్లే.

దీని తీరు పాత కాల్ కన్నా వేరు. ఏయే వివరాలు కావాలో మాస్క్‌తో అడగాలి. ఏవి దొరికాయో కెర్నల్ తిరిగి మాస్క్‌తోనే చెబుతుంది. ఫైల్ సిస్టమ్‌కు పుట్టిన సమయం తెలియకపోతే సున్నా చూపి మభ్యపెట్టే బదులు ఆ బిట్‌ను ఖాళీగా వదులుతుంది.

నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్‌లలో దీని ఉపయోగం బాగా తెలుస్తుంది. ఎన్ఎఫ్ఎస్ క్లయింటు వివరాలను దాచుకుని, లినక్స్ మామూలు అమరికలో మామూలు ఫైళ్ళకు 3 నుంచి 60 సెకన్ల దాకా సర్వర్‌ను మళ్ళీ అడగకుండా జవాబిస్తుంది. ఒక యంత్రంలో మార్చిన ఫైలు ఇంకో యంత్రంలో కాసేపు పాతదిగానే కనిపించడం అందుకే. స్టాట్ఎక్స్‌లో తప్పకుండా సర్వర్‌ను అడగమని చెప్పే ఫ్లాగ్ ఒకటి, దాచుకున్నదే చాలని చెప్పే ఫ్లాగ్ ఒకటి ఉన్నాయి. వేల ఫైళ్ళున్న డైరెక్టరీలో రకం గుర్తు మాత్రమే కావాలనుకునే ప్రోగ్రామ్ రెండోదాన్ని ఎంచుకోవచ్చు. రీడ్‌డిర్ ఇచ్చే రకం ఫీల్డు సరిపోతే అసలు స్టాట్‌నే పిలవనక్కర్లేదు.